వంటింటి కొలతలు, 3వ పాఠం: కప్పు చీజ్ అంటే ఎన్ని గ్రాములు?

కిందటి పాఠంలో మైదా, చక్కెర కప్పుల్ని గ్రాముల్లోకి మార్చాం. ఈసారి చీజ్. ఇది మైదా కంటే మొండి ఘటం.

మన అమ్మమ్మలు బియ్యాన్ని సోలతో, గిద్దతో కొలిచేవారు. గింజ సైజు మారదు కాబట్టి సోలెడు బియ్యం ఎప్పుడు కొలిచినా దాదాపు అంతే తూగుతుంది. చీజ్ అలా కాదు. తురిమితే ఒక బరువు, ముక్కలు కోస్తే ఇంకో బరువు.

అమెరికా వంటకాల్లో కప్పంటే సుమారు 240 మి.లీ. అందులో నీళ్లు పోస్తే 240 గ్రాములు. అదే కప్పులో పెద్ద రంధ్రాల వైపు తురిమిన చెడార్ గానీ మోజరెల్లా గానీ నొక్కకుండా నింపితే 113 గ్రాములే. చెడార్ ముక్క నీళ్లలో మునుగుతుంది, అంటే నీళ్లకంటే బరువైనదే. మరి మిగతా బరువేమైంది? కప్పులో సగానికి పైగా ఉన్నది గాలి! చిన్న ముక్కలుగా కోస్తే 130 దాకా వస్తుంది. పొడిపొడిగా చిదిమిన ఫెటా 150. క్రీమ్ చీజ్‌లో సందులే ఉండవు కాబట్టి 230. పార్మెజాన్ పొడి 100 దగ్గర ఉంటుంది, ఈకల్లా రాలే సన్న తురుమైతే ఇంకా చాలా తక్కువ.

నొక్కకుండా అని ఎందుకన్నానంటే, ఒక మే నెలలో ఎంవీపీ కాలనీలో మా ఇంటికి చుట్టాలొచ్చారు. పాస్తా బేక్ కోసం చీజ్ తురిమి గట్టు మీద పెట్టాను. విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే, పది నిమిషాల్లో తురుమంతా మెత్తబడి ముద్ద కట్టింది. దాన్నే కప్పులోకి వేలితో అదిమాను. ఓవెన్‌లోంచి తీసేసరికి పైన నూనె తేలుతోంది. "ఎంత చీజ్ వేశావు వదినా?" అంది మా ఆడపడుచు. కప్పే వేశాననుకున్నాను. మర్నాడు అలాగే అదిమి తూస్తే 170 గ్రాములు! అప్పటినుంచి చీజ్‌ని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తురుముతాను, వీలైతే కప్పు జోలికే పోను.

లెక్క తేలికే: కప్పుల సంఖ్యను ఆ రకం చీజ్ అంకెతో గుణించాలి. ఒకటిన్నర కప్పుల మోజరెల్లా తురుము కావాలంటే 1.5 × 113, అంటే సుమారు 170 గ్రాములు. 200 గ్రాముల దిమ్మలో 30 గ్రాముల ముక్క పక్కన పెట్టి మిగతాది తురమండి. త్రాసు లేదా? టెన్షన్ పడకండి, ప్యాకెట్ మీద బరువు ఉండనే ఉంది. 200 గ్రాముల దిమ్మను సమానంగా నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 50 గ్రాములు.

ఇప్పుడు మీ పని. 25 గ్రాముల చీజ్ క్యూబ్ ఒకటి చల్లగా ఉండగానే మీ తురుముపీట మీద తురిమి, కొలత కప్పుల్లోకి వదులుగా వేయండి. పావు కప్పుకు కాస్త తక్కువొస్తే మీ అంకె 113 దగ్గరే. సరిగ్గా పావు కప్పు నిండితే 100. మూడోవంతు కప్పు నిండిందంటే మీ తురుముపీట సన్నది, మీ అంకె 75. ఆ అంకెను కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. దాంతోనే రెండుంపావు కప్పులకు ఎన్ని గ్రాములో కట్టి ఉంచండి, వచ్చే పాఠంలో పనీర్ అక్కణ్నుంచే మొదలుపెడదాం.