కౌంటర్‌టెనర్ గొంతుకు చెవిని అలవాటు చేసుకోవడం ఎలా

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కౌంటర్‌టెనర్ అనే మగగొంతును మొదటిసారి వింటే చాలామందికి వింతగానే ఉంటుంది. పాడేది గడ్డం ఉన్న మనిషి, వినిపించేది ఆడగొంతు స్థాయి. అందుకే మొదట వీడియో జోలికి వెళ్లకండి, ఆడియో మాత్రమే పెట్టుకోండి. లేదంటే కళ్లకీ చెవులకీ కుదరక, ధ్యాసంతా ఆ తేడా మీదే ఉండిపోతుంది.

మామూలు గొంతులో స్వరతంతువులు మందంగా, మొత్తంగా కంపిస్తాయి. ఫాల్సెటో అనే పైగొంతులో అవి సాగి, పలచబడి, ముఖ్యంగా అంచులు కంపిస్తాయి. కౌంటర్‌టెనర్లు ఎక్కువగా వాడేది దీన్నే. దొంగగొంతు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏమాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఆ పలచటి ధ్వనిని నిండుగా, నిలకడగా, మాట చెదరకుండా నిలబెట్టడానికి ఏళ్ల సాధన కావాలి.

ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ 1692లో ‘ఈడిపస్’ నాటకానికి రాసిన ‘మ్యూజిక్ ఫర్ ఎ వైల్’తో మొదలుపెట్టండి, ఆల్‌ఫ్రెడ్ డెల్లర్ పాడినది దొరికితే మరీ మంచిది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ గొంతును మళ్లీ వేదికల మీదికి తెచ్చిన వాళ్లలో ముఖ్యుడాయన. ఒకసారి గొంతును వదిలేసి, కింద తిరిగి తిరిగి వచ్చే బాస్ వరసను మాత్రమే వినండి. రెండోసారి మాటలు పట్టుకోండి: గ్రీకు పురాణాల్లోని ప్రతీకార దేవత అలెక్టో తల మీంచి పాములు రాలిపడే చోట ‘డ్రాప్’ అనే మాట విడివిడిగా, ఒక్కొక్కటిగా పడుతుంది. ఇంత చిన్న మాటకు ఇంత పని చెప్పడం నాకు ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే.

తర్వాత స్వరకర్త హ్యాండెల్. 1724లో లండన్‌లో ఆయన ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ‘జూలియో చేజరే’ వేసినప్పుడు సీజర్‌గా పాడింది సెనెసీనో, ఆయన కాస్ట్రాటో, అంటే చిన్నతనంలోనే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపిన గాయకుడు. కౌంటర్‌టెనర్ అది కాదు, ఈ రెండింటినీ కలిపేయకండి. ఇప్పుడు అలాంటి పాత్రల్ని కౌంటర్‌టెనర్లూ పాడతారు, స్త్రీలూ పాడతారు. అందులో ‘వా టాచితో’ వినండి, వేటగాడి గురించిన ఆ పాటలో గొంతూ హార్న్ వాద్యమూ ఒకదానికొకటి బదులు చెప్పుకుంటాయి. ఇలాంటి డా కాపో పాటల్లో మొదటి భాగం చివర్లో మళ్లీ వస్తుంది, కానీ ఉన్నదున్నట్టు రాదు, గాయకుడు తన అలంకారాలు జోడిస్తాడు. కాబట్టి మొదటి భాగం వరస బాగా గుర్తుపెట్టుకోండి, అది గుర్తులేకపోతే ఏం మార్చాడో తెలియదు.

స్వరం బాగా కిందికి దిగే చోట కూడా చెవి పెట్టండి. అక్కడ కొందరు ఛాతీ గొంతులోకి, అంటే మామూలు గొంతులోకి మారతారు. ఆ అతుకును కొందరు తెలియనివ్వరు, కొందరు కోపం చూపించడానికి కావాలనే బయటపెడతారు.

ఇవి అలవాటయ్యాక వివాల్డి ఒపెరా ‘జుస్తీనో’లోని ‘వెద్రో కోన్ మీయో దిలేత్తో’ను ఫిలిప్ జరూస్కీ గొంతులో ఒకసారి, యాకుబ్ యోజెఫ్ ఓర్లిన్‌స్కీ గొంతులో ఒకసారి వెంటవెంటనే వినండి. ఊపిరి ఎక్కడ తీస్తున్నారో, తిరిగి వచ్చిన భాగాన్ని ఎవరు ఎలా మార్చారో చూడండి. ఇప్పుడు వీడియో పెట్టుకోవచ్చు.