అద్దె ఇంట్లో ఫ్లష్ ట్యాంకు లీకవుతోందా? రంగు చుక్కలతో చూడండి

నేను అద్దెకిచ్చిన ఇంట్లో ఉండేది ఇద్దరే, నీళ్ల బిల్లు మాత్రం నలుగురికి వచ్చినట్టు వస్తోంది. అద్దెకున్నవాళ్లే వృథా చేస్తున్నారని నేనూ అనుకున్నాను. వాళ్లని అడగకముందే ఈ రంగు చుక్కల పరీక్ష చేసి చూడటం మంచిదైంది.

ఫ్లష్ ట్యాంకు మూత తీసి, వంటల్లో వాడే రంగు ఐదారు చుక్కలు వేయండి. అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు. ఆలోగా కమోడ్‌లోకి రంగు దిగితే లీకున్నట్టే. ఈ లీకుకు చప్పుడుండదు, అందుకే ఎవరికీ తెలియదు. చాలావరకు అడుగున ఉండే రబ్బరు వాషరే కారణం. వేలితో తడిమితే అంచు గట్టిపడి, గార పట్టి గరుకుగా తగులుతుంది. పాతది చేత్తో పట్టుకెళ్లి అదే సైజుది తెచ్చుకోండి, లేకపోతే రెండుసార్లు తిరగాలి. ట్యాంకుకు నీళ్లొచ్చే వాల్వు కట్టేసి మార్చండి. పరీక్ష అవగానే ఫ్లష్ చేసేయండి, మరక పడదు.

ఒక్క జాగ్రత్త. ట్యాంకులో నీళ్లు ఓవర్‌ఫ్లో పైపు (ఎక్కువైన నీళ్లు కమోడ్‌లోకి పోయే నిలువు గొట్టం) అంచు దాకా ఉంటే వాషరు బాగున్నా రంగు దిగుతుంది. అప్పుడు ఫ్లోటును (నీళ్లపై తేలుతూ, ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే భాగాన్ని) కిందికి సర్ది, నీళ్లు అంచుకు అంగుళం కింద ఆగేలా చూసుకుని మళ్లీ చేయండి. గోడలో పైపు కారుతుంటే మాత్రం ఇది పనికిరాదు, ప్లంబర్‌ని పిలవాల్సిందే.