నా మొటిమలూ, ముల్తానీ మట్టీ

చెన్నైకి వచ్చిన మూడో నెలలో బుగ్గల నిండా మొటిమలు. వేళచ్చేరి ఉక్కపోతకి ముఖం ఎప్పుడూ జిడ్డే. అమ్మ ఫోన్లో చెప్పిందని ముల్తానీ మట్టిలో నిమ్మరసం పిండి రోజూ అరగంట పట్టించాను. జిడ్డు ముఖానికి క్రీమెందుకని పైన ఏమీ రాసేదాన్ని కాదు. పది రోజులకి ముఖం మండి, పొట్టు లేచింది. మొటిమలు మాత్రం కదల్లేదు.

చర్మం డాక్టరు మొదట అడిగింది మాయిశ్చరైజర్ గురించే. చర్మం పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5 దగ్గర ఉంటే నిమ్మరసానిది 2 దగ్గర. మండదా మరి!

ఇప్పుడు మట్టి వారానికి ఒక్కసారే, ఉత్త నీళ్లతో. పది నిమిషాలు చాలు, బీటలు వారేదాకా ఉంచను. కడిగి, తడి పూర్తిగా ఆరకముందే జెల్ మాయిశ్చరైజర్ రాస్తాను. డబ్బా మీద 'నాన్ కొమెడోజెనిక్' (అంటే చర్మరంధ్రాలు మూసుకుపోకుండా చేసినది) అని ఉండాలి, సెంటు వాసన ఉండకూడదు. గ్లిజరిన్, నియాసినమైడ్ (ఒక రకం విటమిన్ బి3) ఉంటే ఇంకా మంచిది. కొత్తది ఏది కొన్నా ముందు దవడ కింద నాలుగు రోజులు రాసి చూస్తాను. ముఖానికి కొబ్బరి నూనె మానేశాను (అమ్మకింకా చెప్పలేదు).

మంట వారంలో తగ్గింది. మొటిమలు తగ్గడానికి మాత్రం డాక్టరు రాత్రిపూట రాయమన్న అడాపలీన్ 0.1 శాతం జెల్‌తో మూడు నెలలు పట్టింది. గడ్డం మీద ఒకటో రెండో ఇప్పటికీ వస్తుంటాయి. గిల్లను.