ఇగ్నైట్ ఎక్కడ వాడాలి, దీపానికి ఎందుకొద్దు

శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని కోచింగ్‌కి వెళ్ళే పిల్లలు చాలామంది ఇగ్నైట్ అంటే 'మండించు' అని ఒక్క ముక్క బట్టీ పట్టేసి, సెంటెన్స్ రాయమంటే 'ఐ ఇగ్నైటెడ్ ది ల్యాంప్' అని రాసేస్తారు. గ్రామర్ తప్పేం లేదు గానీ చదివినోడికి ల్యాబ్‌లో ఏదో పేలినట్టు ఉంటాది. దీపం, కొవ్వొత్తి, అగరబత్తి, గ్యాస్ స్టవ్, వీటికి లైట్ చాలు. పాస్ట్‌లో లిట్, లైటెడ్ అన్నా కరెక్టే.

మరి ఇగ్నైట్ ఎప్పుడంటే, వేడో నిప్పురవ్వో తగిలి ఒక వస్తువు మంట అందుకునే టైమ్ గురించి చెప్పాలంటే. పలాస వైపు వాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతాది. జీడిపిక్క తొక్కలో నూనె ఉంటాది కదా, నిప్పు బాగా తగిలిందంటే నల్లటి పొగతో భగ్గుమంటాది, అక్కడ 'ది షెల్స్ ఇగ్నైటెడ్' అనండి. ముట్టించినోడు ఎవడో చెప్పక్కర్లేదు, తొక్కలే కర్త. అంటించడానికీ అంటుకోవడానికీ ఒకటే వెర్బ్, మనోళ్ళు ఇది తెలీక ప్రతిసారీ వాజ్ తగిలిస్తారు.

బండి తాళం పెట్టే ఇగ్నిషన్ కూడా ఇందులోంచి వచ్చిందే. పెట్రోల్ బండిలో గాలీ పెట్రోలూ కలిసినదాన్ని పిస్టన్ నొక్కుతాది, ప్లగ్ రవ్వ కొడతాది, 'ది స్పార్క్ ఇగ్నైట్స్ ది మిక్స్చర్'. డీజిల్ బస్సుకి ఆ స్పార్క్ ప్లగ్గే ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టిన వేడికే డీజిల్ అంటుకుంటాది, అయినా వెర్బ్ ఇదే. (లాటిన్‌లో ఇగ్నిస్ అంటే నిప్పు, మన అగ్నికి చుట్టమే.)

కట్టెల పొయ్యిలో ఎండుపుల్లలు పెట్టి ఊదుకుంటూ నెమ్మదిగా రాజేస్తే అది కిండిల్, ఆ పుల్లల్నే కిండ్లింగ్ అంటారు. భోగి మంటకి లైట్ అన్నా కిండిల్ అన్నా ఓకే. ఎవడో కక్షతో గడ్డిమేటు తగలబెడితే మాత్రం 'సెట్ ఫైర్ టు', ఆ టు మింగేయకండి.

కోపం, గొడవ, చర్చ, ఆసక్తి రగిలించడానికీ ఇగ్నైట్ బాగుంటాది, 'ది స్పీచ్ ఇగ్నైటెడ్ ఎ డిబేట్' అని. కాకపోతే ఇది పేపర్ భాష, ఫ్రెండ్స్‌తో మాట్లాడేటప్పుడు స్టార్టెడ్ అంటే సరిపోతాది.

పలికేటప్పుడు బరువు 'నైట్' మీద వెయ్యాలి. రాసేటప్పుడు రాత్రి నైట్‌లో ఉండే జీహెచ్ ఇందులో పెట్టకండి, ఐఎన్‌జీ చేరిస్తే చివరి 'ఈ' అక్షరం ఎగిరిపోతాది.