అనలాగ్ మల్టీమీటరా, డిజిటల్ మల్టీమీటరా: ఏ పరీక్షకు ఏది ఎంచుకోవాలి

మల్టీమీటర్ కొనబోయేవారు ముల్లు మీటర్ మంచిదా, అంకెల మీటర్ మంచిదా అని అడుగుతుంటారు. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: కొలవబోయే సర్క్యూట్ మీద ఆ మీటర్ ఎంత భారం మోపుతుంది? ప్రోబులు ఆనించిన క్షణం నుంచి మీటర్ కూడా ఆ సర్క్యూట్‌లో భాగమవుతుంది, దాని గుండా కూడా కొంత కరెంటు పారుతుంది. ఈ రెండు రకాల మధ్య ముఖ్యమైన తేడాలు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి.

అనలాగ్ మీటర్‌లో శాశ్వత అయస్కాంతపు ధ్రువాల మధ్య సన్నని తీగచుట్ట ఉంటుంది. కరెంటు పారినప్పుడు ఆ చుట్ట తిరిగి, దానికి బిగించిన ముల్లును స్కేలు మీద కదిలిస్తుంది. అందుకు కావలసిన శక్తి కొలిచే సర్క్యూట్ నుంచే రావాలి కనుక, సాధారణ ముల్లు మీటర్‌కు వోల్టేజి కొలవడానికి బ్యాటరీ అక్కరలేదు. రెసిస్టెన్స్ కొలవడానికే కావాలి. డయల్ మీద ఒక మూల వోల్టుకు 20 కిలో ఓమ్‌లు అని రాసి ఉంటే, 10 వోల్టుల రేంజ్‌లో ఆ మీటర్ 200 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో సమానమని అర్థం. చవక మీటర్లలో ఇది వోల్టుకు 2 కిలో ఓమ్‌లే ఉండవచ్చు. డిజిటల్ మీటర్లలో చాలావాటికి డీసీ వోల్టేజి రేంజ్‌లలో 10 మెగా ఓమ్‌ల దాకా ఉంటుంది.

ఈ తేడా ఎంతటిదో లెక్క వేసి చూద్దాం. 12 వోల్టుల సప్లయ్‌కి రెండు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లను వరుసగా కలిపితే, మధ్య బిందువు దగ్గర 6 వోల్టులు ఉండాలి. డిజిటల్ మీటర్ అక్కడ 5.97 చూపుతుంది. వోల్టుకు 20 కిలో ఓమ్‌ల అనలాగ్ మీటర్‌ను 10 వోల్టుల రేంజ్‌లో పెడితే ముల్లు 4.8 దగ్గర ఆగుతుంది. వోల్టుకు 2 కిలో ఓమ్‌ల మీటర్ అయితే 1.7 వోల్టులే చూపుతుంది. ముల్లు తప్పు చెప్పడం లేదు, మీటర్ తగిలించగానే అక్కడి వోల్టేజే నిజంగా పడిపోయింది. ఎలక్ట్రానిక్ బోర్డుల పని చేసేవారికి డిజిటల్ మీటర్ తప్పనిసరి అనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇంటి వైరింగ్‌లో డిజిటల్ మీటర్‌కున్న, తక్కువ భారం మోపే ఇదే గుణం ఒక్కోసారి తికమక పెడుతుంది. ఒక కొస దేనికీ కలపకుండా వదిలేసిన తీగ, ఫేజు తీగ పక్కనే చాలా దూరం నడిచినప్పుడు, రెండింటి మధ్య ఉండే కెపాసిటెన్స్ వల్ల దాని మీద పదుల వోల్టులు ఉన్నట్టు డిజిటల్ మీటర్ చూపుతుంది. ఆ తీగకు నిజంగా ఏ సప్లయ్ కలపలేదు, బల్బును వెలిగించే శక్తి అందులో లేదు. అనలాగ్ మీటర్ మోపే భారానికి ఆ వోల్టేజి నిలవలేక దాదాపు సున్నాకు పడిపోతుంది. కొన్ని డిజిటల్ మీటర్లలో ఈ పని కోసమే తక్కువ ఇంపెడెన్స్ మోడ్ (మీటర్ కావాలనే ఎక్కువ భారం మోపే అమరిక) ఇస్తారు. వైరింగ్ పనికి కొనేవారు అది ఉన్న మీటర్‌ను ఎంచుకోవడం మేలు.

కచ్చితత్వం విషయంలో అనలాగ్ మీటర్‌కు చెప్పే శాతం ఆ రేంజ్ గరిష్ఠ విలువ మీద లెక్క. 3 శాతం మీటర్‌లో 250 వోల్టుల రేంజ్ పెడితే, ముల్లు ఎక్కడ ఉన్నా 7.5 వోల్టుల దాకా తేడా ఉండవచ్చు. 50 వోల్టులు కొలిచేటప్పుడు కూడా అంతే. అందుకే ముల్లు స్కేలు కుడివైపు మూడో వంతులో నిలిచేలా రేంజ్ ఎంచుకోవాలి, అద్దపు పట్టీ ఉంటే అందులో ముల్లు నీడ ముల్లు వెనక దాగేలా తిన్నగా చూసి చదవాలి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండా చార్జ్ అయినప్పుడు సుమారు 12.6, సగం ఉన్నప్పుడు సుమారు 12.2 వోల్టులు ఉంటుంది, ఈ 0.4 వోల్టుల తేడాను 50 వోల్టుల రేంజ్‌లోని ముల్లుతో నమ్మకంగా పట్టుకోలేము.

కదలికను గమనించవలసిన చోట మాత్రం నేను ఇప్పటికీ ముల్లు మీటర్‌నే చేతిలోకి తీసుకుంటాను. సాధారణ డిజిటల్ మీటర్ సెకనుకు రెండు మూడు సార్లే అంకెలు మారుస్తుంది. విలువ ఊగిసలాడుతుంటే ఆ అంకెలను చదవడమే కష్టం. 100 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను ముందుగా పూర్తిగా డిశ్చార్జ్ చేసి, ఓమ్‌ల స్విచ్‌ను కిలో రేంజ్‌లో పెట్టి ప్రోబులు ఆనించండి. ముల్లు ఒక్కసారి కుడికి ఎగిరి, మెల్లగా ఎడమకు తిరిగి వస్తే కెపాసిటర్ చార్జ్ అవుతోందన్నమాట. కుడి కొసన ఉండే ఓమ్‌ల సున్నా దగ్గరే ఉండిపోతే షార్ట్, అసలు కదలకపోతే ఓపెన్, దారి మధ్యలో ఆగిపోతే లీకేజీ. వాల్యూమ్ కంట్రోల్‌ను నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు ముల్లు ఎక్కడ తుళ్ళిందో అక్కడే లోపలి ట్రాక్ అరిగిందని తెలుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: చాలా అనలాగ్ మీటర్లలో ఓమ్‌ల రేంజ్‌కి మారినప్పుడు నల్ల ప్రోబుకు ప్లస్, ఎర్ర ప్రోబుకు మైనస్ వస్తాయి. కెపాసిటర్ ప్లస్ కాలికి నల్ల ప్రోబు ఆనించాలి, డయోడ్‌కూ అదే వర్తిస్తుంది. డిజిటల్ మీటర్‌లో ఎర్ర ప్రోబే ప్లస్.

ఏసీ కొలతల్లో ట్రూ ఆర్ఎంఎస్ (తరంగం ఏ ఆకారంలో ఉన్నా దాని నిజమైన ప్రభావ విలువను చూపే పద్ధతి) అని రాసి లేని మీటర్, అది ఏ రకమైనా సరే, సైన్ తరంగానికే సరిగా చూపేలా అమర్చి ఉంటుంది. చతురస్ర తరంగాన్ని అది సుమారు 11 శాతం ఎక్కువగా చూపుతుంది. ఇన్వర్టర్లు, డిమ్మర్లతో పని ఉన్నవారు ఆ మాట చూసి కొనాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది భద్రత. కొలత పరికరాల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61010 ప్రకారం మీటర్ మీద క్యాట్ 2, 3, 4 అనే తరగతి వోల్టేజితో సహా ముద్రించి ఉండాలి. సాకెట్‌కు తగిలించే పరికరాలకు క్యాట్ 2, డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు, గోడలోని వైరింగ్‌కు క్యాట్ 3, భవనంలోకి సప్లయ్ వచ్చే చోటికి క్యాట్ 4 ఉండాలి. ఆ గుర్తు లేని పాత ముల్లు మీటర్ ఎంత బాగా పనిచేస్తున్నా దాన్ని మెయిన్స్ బోర్డు దగ్గరికి తీసుకుపోవద్దు. బల్ల మీది తక్కువ వోల్టేజి పనికే ఉంచండి.

ఒకే మీటర్ కొనగలిగితే క్యాట్ 3 గుర్తు, ట్రూ ఆర్ఎంఎస్, కరెంటు రేంజ్‌లన్నింటికీ హెచ్ఆర్‌సీ ఫ్యూజులు (భారీ షార్ట్ కరెంటును కూడా పగిలిపోకుండా తెంచేవి) ఉన్న డిజిటల్ మీటర్ కొనండి. ముల్లు మీటర్‌ను రెండోదిగా తీసుకోవచ్చు. ఏది వాడినా, కరెంటు కొలిచాక ఎర్ర లీడును వెంటనే వోల్టేజి సాకెట్‌లోకి మార్చాలి, లేకపోతే తర్వాతి కొలతలో సప్లయ్‌ని మీటరే షార్ట్ చేస్తుంది. తీగలో కరెంటు లేదని నిర్ధారించుకునే ముందు సప్లయ్ ఉందని తెలిసిన చోట మీటర్‌ను పరీక్షించి, ఆ తీగను చూసి, మళ్ళీ మొదటి చోటికి వచ్చి మీటర్ ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే తీగను ముట్టుకోవాలి.