టోటల్ బ్యాండ్ దిట్టంగా ఉంది, ఫాస్ఫో బ్యాండ్ మాయం: ముందు వనడేట్ ట్యూబు రంగు చూడండి

సమస్య: ఏ431 అనే మానవ క్యాన్సర్ కణాలకు రాత్రంతా సీరం ఆపారు. పొద్దున ఈజీఎఫ్ (కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్) మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల చొప్పున 5 నిమిషాలు ఇచ్చారు. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజువారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) టోటల్ ఈజీఎఫ్ఆర్, అంటే ఈజీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకం మొత్తం, 175 కిలోడాల్టన్ల దగ్గర నల్లగా వచ్చింది. ఆ గ్రాహకంలో 1068వ అమైనో ఆమ్లమైన టైరోసిన్ మీద ఫాస్ఫేట్ ఎక్కితేనే పట్టుకునే ఫాస్ఫో యాంటీబాడీ పెడితే మాత్రం నీడలాంటి గీత, ఒక్కోసారి అదీ లేదు.

ఇక్కడ అందరూ చేసే పని ఒకటే. యాంటీబాడీ పాడైందని కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. కాస్త ఆగండి.

ముందు ఇది చూడండి. లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రావణం) ఫాస్ఫటేజ్‌ను ఆపే ఇన్హిబిటర్ వేశారా? "ప్రోటియేజ్ ఇన్హిబిటర్ బిళ్ల వేశాను కదా" అనకండి. ప్రోటియేజ్ ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది, ఫాస్ఫటేజ్ ఫాస్ఫేట్‌ను మాత్రమే పీకేస్తుంది. ఆ బిళ్ల మొదటిదాన్నే ఆపుతుంది. నా దగ్గరికి బ్లాట్ పట్టుకొచ్చేవాళ్లలో సగం మంది పని ఇక్కడే అయిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరస.

వేశారా? అయితే అదే లైసేట్‌లో (పగలగొట్టిన కణాల రసం) ఆక్ట్ అనే ఇంకో ప్రోటీన్‌లో సెరిన్ 473 మీది ఫాస్ఫేట్ చూడండి. అది బాగా ఉండి టైరోసిన్ ఒక్కటే పోయిందంటే సోడియం ఫ్లోరైడ్ తన పని చేస్తోంది, వనడేట్ చేయడం లేదు. సెరిన్, త్రియోనిన్ వైపు ఫాస్ఫటేజ్‌లకు ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్. టైరోసిన్ వైపుకి సోడియం ఆర్థోవనడేట్. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

ఇంకా అనుమానం ఉంటే రెండు వెల్స్‌కు (కణాలు పెంచే పళ్లెంలోని గుంటలు) ఒకేలా ఈజీఎఫ్ ఇవ్వండి. ఒకదాన్ని మామూలుగా రిపా అనే లైసిస్ బఫర్‌లో లైస్ చేయండి. రెండోదాంట్లో మీడియం లాగేసి, మరుగుతున్న ఎస్‌డీఎస్ (ప్రోటీన్లను విప్పేసే డిటర్జెంట్) శాంపిల్ బఫర్ నేరుగా పోసి గీకి, 5 నిమిషాలు 95 డిగ్రీల్లో పెట్టండి. డీఎన్ఏ జిగటగా తగిలితే సన్న సూదిలోంచి నాలుగుసార్లు లాగి వదలండి. ఆ వేడికి ఫాస్ఫటేజ్‌లు అక్కడికక్కడే చచ్చిపోతాయి. వేడి వెల్ నల్లగా, రిపా వెల్ పాలిపోయి వస్తే దొంగ మీ బఫర్‌లోనే ఉన్నాడు. రెండూ పాలిపోతే అప్పుడు ఈజీఎఫ్‌నో యాంటీబాడీనో అనుమానించండి.

అసలు కారణం: వనడేట్ వేశారు, కానీ అది పనిచేసే వనడేట్ కాదు. నాకు ఈ సంగతి తెలియడానికి మూడు వారాలు, రెండు యాంటీబాడీలు ఖర్చయ్యాయి. ఫ్రీజర్‌లో ట్యూబు మీద ఎవరిదో చేతిరాతతో "యాక్టివేటెడ్" అని ఉండేది, దాన్నే నమ్మాను. ఒకరోజు కరిగించిన ట్యూబును తెల్ల టిష్యూ ముందు పెట్టి చూస్తే పసుపు కలిపిన నీళ్లలా ఉంది.

ఆ పసుపు రంగు డెకావనడేట్‌ది. పది వనడియం పరమాణువులు జట్టు కట్టిన రూపం అది. ఒంటరి వనడేట్ అయితే ఫాస్ఫేట్ వేషం వేసుకుని టైరోసిన్ ఫాస్ఫటేజ్ గూట్లో కూర్చుంటుంది. జట్టు కట్టినది ఆ పనికి రాదు.

పరిష్కారం: 1.84 గ్రాముల సోడియం ఆర్థోవనడేట్ 50 మిల్లీలీటర్లలో కలిపితే 200 మిల్లీమోలార్ స్టాక్. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 10కి తెండి, పసుపెక్కుతుంది. రంగు పోయేదాకా మరిగించండి, సుమారు 10 నిమిషాలు. చల్లార్చి పీహెచ్ మళ్లీ 10కి సర్దండి. మళ్లీ పసుపెక్కితే మళ్లీ మరిగించండి. సర్దినా రంగు రాకుండా, పీహెచ్ కదలకుండా నిలిచేదాకా ఇదే పని. ఒక్కసారి మరిగించి "అయిపోయింది" అనేవాళ్లే ఎక్కువ. చిన్న చిన్న భాగాలుగా మైనస్ 20లో దాచి, వాడే రోజు మిల్లీలీటరు బఫర్‌కు 5 మైక్రోలీటర్లు వేస్తే 1 మిల్లీమోలార్.

ఇంత చేసి, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న రిపాలో పోస్తే మళ్లీ మొదటికే. ఈడీటీఏ వనడేట్‌ను పట్టేసుకుంటుంది, డీటీటీ దాన్ని క్షయకరణం చేస్తుంది. లైసిస్ బఫర్‌లో రెండూ వద్దు. ప్రోటియేజ్ బిళ్ల కూడా ఈడీటీఏ లేనిదే తీసుకోండి. శాంపిల్ బఫర్‌లో డీటీటీ ఉంటే ఫర్వాలేదు, అప్పటికి ఫాస్ఫటేజ్‌లు ఎలాగూ బతికి లేవు.

పాత బఫర్ అందరినీ ముంచదు లెండి. 1979లో, ప్రోటీన్లలో టైరోసిన్ మీద కూడా ఫాస్ఫేట్ ఎక్కుతుందని కనిపెట్టిన టోనీ హంటర్ అమైనో ఆమ్లాలను విడదీయడానికి పదేపదే వాడిన బఫర్ పీహెచ్ 1.9 నుంచి 1.7కి జారింది కాబట్టే ఫాస్ఫోటైరోసిన్ చుక్క ఫాస్ఫోత్రియోనిన్ నుంచి విడిపోయి కనిపించింది. మనకు అంత అదృష్టం లేదు.

మిగతావి. కణాలను ట్రిప్సిన్‌తో లేపకండి, ఐస్ మీద గీకండి. ఫాస్ఫో బ్లాట్‌ను పాలపొడితో బ్లాక్ చేస్తే (యాంటీబాడీ అతుక్కోకుండా ఖాళీ చోట్లు కప్పితే) అందులోని కేసీన్ కూడా ఫాస్ఫోప్రోటీనే కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ పెరగొచ్చు. 5 శాతం బీఎస్ఏ (ఆవు సీరంలోని ఆల్బుమిన్) వాడండి. ట్రాన్స్‌ఫర్‌ను తిట్టకండి, టోటల్ బ్యాండ్ వచ్చిందంటే అది బాగానే జరిగినట్టు. యాంటీబాడీ నిజంగా చచ్చిపోవడం నేను ఒక్కసారే చూశాను. అదీ ఎవరో వారాంతం మొత్తం బెంచ్ మీద వదిలేసిన ట్యూబు.