ఇరుగుపొరుగు కలిసి ఇళ్ల దొంగతనాలను ఎలా అరికట్టాలి?

సంక్రాంతి సెలవులు మొదలయ్యాయంటే విశాఖపట్నంలో వీధికి నాలుగైదు ఇళ్లకు తాళాలు పడతాయి. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు పండగకు సొంతూళ్లకు బయలుదేరతాయి. వేసవి సెలవుల్లోనూ, పెళ్లి ముహూర్తాలు ఎక్కువగా ఉన్న నెలల్లోనూ ఇదే పరిస్థితి. ఆషాఢ పౌర్ణమి సందర్భంగా జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడవడానికి ఇంటిల్లిపాదీ కదిలితే, ఆ రాత్రి తెల్లవార్లూ ఇల్లు ఖాళీగానే ఉంటుంది. తాళం వేసిన ఇల్లు, దాన్ని గమనించేవారు లేని వీధి, ఈ రెండూ కలిసిన చోట దొంగకు పని సులువవుతుంది. ఊరు వెళ్లేటప్పుడు తాళం వేయక తప్పదు గానీ, ఆ తాళాన్ని గమనించే మనుషులను మనం ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. అందుకు రెండు వందల మంది ఉన్న కాలనీ వాట్సాప్ గ్రూపు కన్నా, మీ గుమ్మం నేరుగా కనిపించే ఐదారు ఇళ్ల మధ్య కుదిరిన స్పష్టమైన ఒప్పందం ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఈ పద్ధతికి మంచి ఆధారమే ఉంది. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో కిర్క్‌హోల్ట్ అనే కాలనీని వరుస దొంగతనాలు పీడిస్తుంటే, 1980ల మధ్యలో అక్కడ ఒక ప్రయత్నం చేశారు. దొంగలు పడిన ఇంటి తలుపులను, తాళాలను పటిష్ఠం చేయడంతో పాటు, ఆ ఇంటిని ఆనుకుని ఉన్న ఐదారు ఇళ్లవారిని దానిపై కన్నేసి ఉంచమని కోరారు. ఇతర చర్యలు కూడా తోడవడంతో ఆ కాలనీలో దొంగతనాలు బాగా తగ్గాయి. ఒకసారి దొంగలు పడిన ఇంటికే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని కూడా అక్కడ గుర్తించారు.

1. మీ గుమ్మం ఎవరికి కనిపిస్తుందో చూసుకోండి

వీధిలోకి వచ్చి, మీ ముందు తలుపు వైపు వీపు పెట్టి నిలబడండి. ఏయే ఇళ్ల కిటికీలు, బాల్కనీలు కనిపిస్తున్నాయో ఆ ఇళ్లవారే మీ జట్టు. తర్వాత పెరటి వైపు కూడా అలాగే చూడండి. చాలా ఇళ్లకు వెనుక తలుపే బలహీనమైనది కాబట్టి, వెనుక వీధివారితో పరిచయం లేకపోతే ఇప్పుడే చేసుకోవడం అవసరం. అపార్ట్‌మెంటులో అయితే మీ అంతస్తులోని వారు, పై అంతస్తులోని ఒక కుటుంబం, వాచ్‌మన్ కుటుంబం సరిపోతారు. అద్దెకున్నవారిని వదిలేయకండి. సొంత ఇంటివారు మాత్రమే కూర్చుని మాట్లాడుకునే అలవాటు మన కాలనీల్లో ఉంది. కానీ పగలంతా ఇంట్లో ఉండి వీధిని గమనించే గృహిణి గానీ, ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున ఇంటికి చేరే ఉద్యోగి గానీ అద్దె ఇంట్లోనే ఉండవచ్చు.

2. ఒక ఆదివారం సాయంత్రం కలిసి కూర్చోండి

గంటసేపు చాలు. ఇంటి యజమాని పేరు, రెండు ఫోన్ నంబర్లు, సొంతూరిలో ఉండే బంధువు నంబరు, వాహనాల నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని తలా ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి. ఒంటరిగా ఉండే వృద్ధులెవరో, పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళకు పెద్దలు లేని ఇల్లేదో కూడా అందులో ఉండాలి. స్థానిక పోలీస్ స్టేషన్ నంబరు, అత్యవసర నంబరు 112 ఆ కాగితం పైభాగాన రాయండి. స్థానిక పోలీసు సిబ్బందిలో ఒకరిని ఈ సమావేశానికి పిలిస్తే స్టేషన్‌తో మాట్లాడటం తేలికవుతుంది. వెలగని వీధి దీపాలపై నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఎవరు ఫిర్యాదు చేయాలో, అది పరిష్కారమయ్యే వరకు ఎవరు వెంటపడాలో ఆ రోజే నిర్ణయించండి.

3. ఊరు వెళ్లేవారు, ఉండేవారు ఏం చేయాలో తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఇంట్లో మనుషులు లేరని దొంగకు చెప్పే గుర్తులు ఎంత చిన్నవో చాలామంది గమనించరు. గేటు సందులో పేరుకున్న దినపత్రికలు, పగలు కూడా వెలుగుతున్న వరండా లైటు, ఎండిపోయిన తులసి మొక్క అలాంటివే. ధనుర్మాసంలో వీధంతా తాజా ముగ్గులు ఉండగా ఒక్క గుమ్మం ముందు మాత్రం నాలుగు రోజుల నాటి ముగ్గు చెరిగిపోయి, ఆకులు రాలి కనిపిస్తే ఆ ఇంటి సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. కాబట్టి ఊళ్లో ఉండే పొరుగువారు తమ వాకిలి ఊడ్చుకునేటప్పుడు ఆ వాకిలి కూడా ఊడ్చి, కల్లాపి చల్లి, నాలుగు గీతల ముగ్గు వేయాలి. పేపరు, పాల ప్యాకెట్లు తీసి ఉంచాలి. సాయంత్రం గుమ్మం దాకా వెళ్లి తాళాన్ని చేత్తో కదిపి చూడాలి. దూరం నుంచి చూస్తే తాళం వేలాడుతూనే ఉంటుంది, గొళ్లెం మాత్రం ఊడి ఉండవచ్చు.

ఊరు వెళ్లేవారి బాధ్యతలు కూడా ఉన్నాయి. వెళ్లే తేదీ, తిరిగి వచ్చే తేదీ జట్టులోని వారికి నేరుగా చెప్పండి. పెద్ద గ్రూపుల్లో రాయడం, ప్రయాణం ఫొటోలు అక్కడి నుంచే పెట్టడం మానుకోండి. తాళం చెవిని మీటరు పెట్టెలో, చెప్పుల స్టాండులో, పూలకుండీ కింద దాచకుండా నమ్మకమైన పొరుగింట ఇవ్వండి. బంగారాన్ని బ్యాంకు లాకరులో పెట్టడం మేలు. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులో చోరీ జరిగి లాకరులోని వస్తువులు పోతే, బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు 100 రెట్ల వరకు ఉంటుంది. తాళం వేసిన ఇళ్లపై కెమెరాతో నిఘా ఉంచే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ పోలీసులు ప్రవేశపెట్టారు. మీ స్టేషన్‌లో ఆ సౌకర్యం ఇప్పుడు అందుతోందో లేదో అడిగి, అందకపోయినా రాత్రి గస్తీ సిబ్బంది చూసేలా ఊరు వెళ్తున్న సంగతి తెలియజేయండి.

4. తలుపులను కలిసి తనిఖీ చేయండి

ఎం.వి.పి. కాలనీ, పెదవాల్తేరు వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి గొళ్లేలు, బందులు, కిటికీ గ్రిల్స్ త్వరగా తుప్పు పడతాయి. ఖరీదైన తాళం తుప్పుపట్టిన గొళ్లేనికి వేస్తే ప్రయోజనం లేదు, ఒక ఇనుప రాడ్డుతో గొళ్లెమే ఊడి వస్తుంది. పొట్టి స్క్రూలకు బదులు తలుపు లోపలి వైపు నట్టు బిగించే పొడవాటి బోల్టులు పెట్టించండి. ఐదారు ఇళ్లవారు కలిసి ఒకే వడ్రంగిని పిలిస్తే ఖర్చు కూడా తగ్గుతుంది.

ఇంకో విషయం తప్పక గమనించాలి. దొంగలు ఒక ఇంట్లోకి వెళ్లేముందు చుట్టుపక్కల ఇళ్ల తలుపులకు బయటి నుంచి గడియలు పెట్టడం కద్దు. అలికిడికి మెలకువ వచ్చినా పొరుగువారు బయటకు రాలేరు. అందువల్ల రాత్రిపూట మీ తలుపు బయటి గడియను తెరిచి ఉంచి, దాన్ని ఎవరూ లాగి బిగించలేకుండా ఆ స్థితిలోనే చిన్న తాళం వేయండి. జట్టులోని వారి ఫోన్లు సైలెంటులో ఉన్నా ఒకరి కాల్ మాత్రం మోగేలా ఆ నంబర్లను ప్రత్యేకంగా గుర్తుపెట్టించండి.

5. కొత్తవారు కనిపిస్తే మర్యాదగా పలకరించండి

"ఎవరింటికొచ్చారండీ?" అనే ఒక్క ప్రశ్న చాలా పని చేస్తుంది. పనిమీద వచ్చినవారికి అది సాయం, దొంగతనం కోసం వచ్చినవారికి తమను ఒకరు చూశారన్న హెచ్చరిక. మనిషి బట్టలను, భాషను, వృత్తిని బట్టి అనుమానించడం అన్యాయం. దుప్పట్లు అమ్మేవారిని, పాత ఇనుము కొనేవారిని దొంగలుగా చూడకండి. ప్రవర్తనను చూడండి: తాళం వేసిన ఇంటి గేటును పదేపదే కదపడం, మీటరు చూడాలంటూ వచ్చి గుర్తింపు కార్డు చూపకపోవడం వంటివి. అనుమానం బలపడితే వాహనం నంబరు రాసుకుని 112కు ఫోన్ చేయండి.

ఎవరైనా పట్టుబడితే చేయి చేసుకోకండి. 2018లో పిల్లలను ఎత్తుకెళ్లేవారు తిరుగుతున్నారనే వాట్సాప్ వదంతులను నమ్మి తెలుగు రాష్ట్రాల్లో జనం అమాయకుల ప్రాణాలు తీశారు. కళ్లెదుట దొంగతనం చేస్తున్న వ్యక్తిని పట్టుకునే వీలు పౌరులకు ఉన్నా, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా, ఆరు గంటల లోపే పోలీసులకు అప్పగించాలి. దొంగ చేతిలో ఆయుధం ఉండే ప్రమాదం ఉంది గనుక, లైట్లన్నీ వేసి, కేకలు వేసి, పోలీసులు వచ్చే వరకు దూరంగా ఉండటమే క్షేమం.

6. దొంగతనం జరిగిపోతే

తలుపు పగిలి ఉన్నట్టు ముందుగా చూసిన పొరుగువారు లోపలికి వెళ్లకూడదు. బీరువా, తాళం ముట్టుకుంటే ఆధారాలు సేకరించే పోలీసు క్లూస్ టీమ్‌కు దొరకవలసిన వేలిముద్రలు చెరిగిపోతాయి. 112కు, ఆ తర్వాత ఇంటివారికి ఫోన్ చేసి, గుమ్మం దగ్గర ఒకరు కాపలా ఉండాలి. సీసీ కెమెరాల్లో పాత దృశ్యాలు కొన్ని రోజులకే చెరిగిపోతాయి కాబట్టి జట్టులోని ప్రతి ఇంటివారూ ఆ రాత్రి రికార్డింగును అదే రోజు విడిగా భద్రపరచాలి. ఇంటివారు ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా పొందవచ్చు. నగల ఫొటోలు, బిల్లులు, తూకం వివరాలు ముందే రాసి ఉంచుకుంటే ఫిర్యాదు బలంగా ఉంటుంది. తాళాలు, గొళ్లేలు ఆ వారంలోనే మార్పించాలి. చుట్టూ ఉన్న ఐదారు ఇళ్లవారు తర్వాతి రెండు నెలలు ఆ ఇంటిపై మరింత శ్రద్ధ పెట్టాలి.